ఎదురుగాలికి నలుగురు

సైకిలు తొక్కడం మీకు వచ్చు కదూ? "ఓస్, అదెంత పని!" అంటారు. సరే, అయితే ఒక చిన్న ప్రశ్న. గంటకు 10 కిలోమీటర్ల వడితో పోతున్నారు. ఆ వడిని 20 చెయ్యాలి. దానికి రెట్టింపు కష్టపడితే చాలా?

చాలు అనేవాళ్ళు చెయ్యెత్తండి. ఎత్తారా? ఇక దించెయ్యండి. ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో బెంచీ మీద కూర్చుని కాదు, సైకిలు సీటు మీద కూర్చుని తెలుసుకుందాం. రండి, బయలుదేరుదాం.

ఇది ఆగస్టు నెల, ఆదివారం, తెల్లవారుజాము. హైదరాబాదుకు ఉత్తరపు అంచున ఉన్న దూలపల్లిలో అడవి పక్కన నిలబడి ఉన్నారు మీరు. అటవీ సిబ్బందికి శిక్షణ ఇచ్చే అకాడమీ ఉన్నది ఈ ఊళ్ళోనే. చెట్ల మీంచి చల్లటి గాలి వస్తోంది. మీతో ముగ్గురు స్నేహితులు. ఒకడిది గేర్ల సైకిలు. ఒకమ్మాయి లెక్కల్లో దిట్ట, జేబులో చిన్న నోటు పుస్తకం లేనిదే గడప దాటదు. ఇక మీ అందరిలోకీ చిన్నవాడు వాళ్ళ నాన్న పాత నల్ల సైకిలు తెచ్చుకున్నాడు. వాడి కాళ్ళు పెడళ్ళకు బొటాబొటిగా అందుతున్నాయి.

దారి ఇదీ. దూలపల్లి నుంచి కొంపల్లి మీదుగా జాతీయ రహదారి ఎక్కి ఉత్తరంగా మేడ్చల్. అక్కడ తూర్పుకు తిరిగి శామీర్‌పేట. చెరువు చూసి తూంకుంట, హకీంపేట, బొల్లారం మీదుగా మళ్ళీ ఇల్లు. మొత్తం సుమారు 50 కిలోమీటర్ల చుట్టు. ఇంట్లో పెద్దలతో చెప్పారు కదా? మంచిది. పదండి.

కనిపించని గోడ

కొంపల్లి దాటి రహదారి మీదికి వచ్చారు. ఇది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చక ముందు దీన్ని ఏడో నంబరు రహదారి అనేవారు. ఇక్కడ లారీలు, బస్సులు రివ్వున పోతుంటాయి. కాబట్టి కబుర్లు కట్టిపెట్టి, రోడ్డుకు ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు.

ఇప్పుడు మిమ్మల్ని వెనక్కి లాగుతున్నవి రెండు. ఒకటి, టైర్లు. బరువు పడ్డ చోట టైరు కాస్త నొక్కుకుపోతుంది, చక్రం తిరగ్గానే మళ్ళీ పొంగుతుంది. ఇలా నొక్కుకోవడంలో, పొంగడంలో రబ్బరు కొంత శక్తిని మింగి వేడెక్కుతుంది. మీ బరువు 50 కిలోలు, సైకిలుది 18 కిలోలు అనుకుంటే ఈ నిరోధం దాదాపు 5 న్యూటన్లు. మెల్లగా పోయినా, గబగబా పోయినా ఇది పెద్దగా మారదు. గాలి తగ్గిన టైరయితే మాత్రం ఎక్కువవుతుంది. అందుకే బయలుదేరే ముందు బొటనవేలితో నొక్కి చూసుకుని గాలి కొట్టించుకోవాలి.

రెండోది గాలి. దీని సంగతి వేరు. మీరు ముందుకు పోవాలంటే ఎదురుగా ఉన్న గాలిని పక్కకు నెట్టాలి. వడి రెట్టింపయితే ఒక్కో సెకనులో మీకు అడ్డొచ్చే గాలి రెట్టింపవుతుంది. అంతేనా? దాన్ని రెట్టింపు వేగంగా నెట్టాలి కూడా. రెండు రెళ్ళు నాలుగు. అంటే గాలి నిరోధం నాలుగు రెట్లు! ఆ నాలుగు రెట్ల నిరోధానికి ఎదురుగా రెట్టింపు వడితో పోతున్నారు కాబట్టి, గాలి కోసం మీ కాళ్ళు సెకనుకు చెయ్యవలసిన పని ఎనిమిది రెట్లు.

సెకనుకు చేసే పనినే సామర్థ్యం అంటామని, దాన్ని వాట్లలో కొలుస్తామని మీకు తెలుసు. లెక్కలమ్మాయి నోటు పుస్తకంలో టైర్లనూ గాలినీ కలిపి ఇలా రాసుకుంది:

గంటకు 10 కిలోమీటర్లకు సుమారు 22 వాట్లు.
గంటకు 20 కిలోమీటర్లకు సుమారు 85 వాట్లు.
గంటకు 30 కిలోమీటర్లకు సుమారు 235 వాట్లు.

చూశారా? వడి రెట్టింపయితే కష్టం నాలుగు రెట్లకు దగ్గరగా పోయింది. మూడు రెట్లయితే పదకొండు రెట్లకు చేరువయింది. 85 వాట్లంటే ఎంతో తెలియాలంటే ఒక బావిని తలుచుకోండి. 10 కిలోల నీళ్ళ చేదను సెకనుకు సుమారు 87 సెంటీమీటర్ల చొప్పున, క్షణమైనా ఆపకుండా పైకి లాగుతూనే ఉండాలి. సైకిలు మీద గంటకు 20 కిలోమీటర్ల వడిని నిలపడమంటే అంత పని.

రాతి నేల, పళ్ళ చక్రాలు

మేడ్చల్ దారి చాప పరిచినట్టు ఉండదు. కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మన కాళ్ళ కింద ఉన్నది దక్కను పీఠభూమి. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గ్రానైటు రాయి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అన్నేళ్ళ ఎండకూ వానకూ పగిలి, అరిగి, గుండ్లూ గుట్టలూ పల్లాలూ ఏర్పడ్డాయి. ఇంకో విశేషం. హైదరాబాదు మూసీ కృష్ణలో కలుస్తుంది. ఇదే రహదారి మీద ఉత్తరంగా తూప్రాన్ వైపు పోతే అక్కడి హల్దీ వాగు మంజీరలోకీ, మంజీర గోదావరిలోకీ పోతాయి. అంటే ఈ రెంటి మధ్య ఎక్కడో నేల వీపులా లేచి ఉండాలి కదా? దానికి ఒక పక్క పడ్డ వాన చినుకు కృష్ణకు, మరో పక్క పడ్డది గోదావరికి పోతుంది. మ్యాపులో ఆ గీతను మీ కళ్ళు వెతకాలి. రోడ్డు మీద మాత్రం ఎక్కుడు రాగానే మీ పిక్కలే చెబుతాయి.

ఇదిగో, ఎక్కుడు వచ్చింది. 100 మీటర్లు పోతే 4 మీటర్లు ఎక్కే వాలు. ఈ మాత్రానికే భూమి మిమ్మల్ని మరో 27 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతుంది. గంటకు 10 కిలోమీటర్లే పోతున్నా దాదాపు 95 వాట్లు కావాలి. చదునునేల మీద 20 కిలోమీటర్ల వడికి అయ్యేదానికన్నా ఎక్కువన్నమాట!

చిన్నవాణ్ణి చూడండి, సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. పక్కనున్న గేర్ల సైకిలువాడు తాపీగా కూర్చునే ఎక్కుతున్నాడు. ఎందుకని?

నల్ల సైకిలు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, సైకిలు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. చదునులో ఇది భేషుగ్గా ఉంటుంది. ఎక్కుడులో ఆ 5.4 మీటర్ల పనంతా ఒక్క చుట్టులోనే చెయ్యాలి. లెక్క వేస్తే పాదం సగటున 18 కిలోల బరువుతో తొక్కాలని తేలుతుంది. గేర్ల సైకిలువాడు ముందూ వెనుకా సమానంగా పళ్ళున్న గేరు వేశాడు. వాడికి ఒక చుట్టుకు 2.2 మీటర్లే. కాబట్టి 7 కిలోల బరువుతో తొక్కితే సరిపోతుంది.

మరి గేరు పనిని తగ్గించిందా? లేదు! వాడు ఆ ఎక్కుడు ఎక్కేసరికి మనవాడి కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ చుట్లు తొక్కాడు. మొత్తం పని ఇద్దరికీ అంతే. బస్తాడు బియ్యాన్ని ఒక్కసారిగా మొయ్యడానికీ, గంపలకెత్తి పది సార్లు మొయ్యడానికీ ఉన్న తేడాయే ఇది. బియ్యం తగ్గదు, నడుము మాత్రం విరగదు.

అబద్ధాలు చెప్పే గాలి

మేడ్చల్ వచ్చింది. తూర్పుకు తిరిగారు. తిరగ్గానే ఏదో మాయ జరిగినట్టయింది. పెడళ్ళు తేలికయ్యాయి. సైకిళ్ళు పరుగెత్తుతున్నాయి. "గాలే లేదురా!" అని అరిచాడు గేర్లవాడు. "ఇవాళ మనకు బలం వచ్చింది" అన్నాడు చిన్నవాడు. నలుగురూ గంటకు 30 కిలోమీటర్ల వడి అందుకున్నారు.

బలం రాలేదు. గాలి లేకపోనూ లేదు. ఇది నైరుతి రుతుపవనాల కాలం. మన ప్రాంతంలో గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది. మీరు తూర్పుకు పోతున్నారు, గాలీ గంటకు 10 కిలోమీటర్ల వడితో తూర్పుకే పోతోంది. అందువల్ల మీ ముఖానికి తగిలేది 20 కిలోమీటర్ల గాలే. ముఖం "మనం 20లోనే పోతున్నాం" అని చెబుతుంటే, కాళ్ళు మాత్రం 30కి లెక్క కడుతున్నాయి. లెక్కలమ్మాయి ఆగినప్పుడు కూడి చూసింది: సుమారు 130 వాట్లు. అదీ గేర్లు లేని ఆ నల్ల సైకిలు మీద చిన్నవాడు నిమిషానికి 93 సార్లు పెడలు తిప్పుతూ!

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. వెనుకగాలి ఇచ్చిన లాభం, తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి చేసే నష్టం సమానమేనా? సమానమైతే గాలి గురించి ఆలోచించడమే దండగ. లెక్క వేద్దాం. మీరు ఎప్పుడూ 85 వాట్లే ఖర్చు పెడతారనుకోండి. గాలి లేని రోజు 10 కిలోమీటర్లు పోయి, 10 కిలోమీటర్లు రావడానికి సరిగ్గా గంట. పై గాలి ఉన్న రోజు వెనుకగాలితో గంటకు 26 కిలోమీటర్లు పోతారు, 23 నిమిషాలు పడుతుంది. ఎదురుగాలిలో 15 కిలోమీటర్లు కూడా దాటరు, 41 నిమిషాలు పడుతుంది. మొత్తం 64 నిమిషాలు. గాలి 7 నిమిషాలు అప్పిచ్చి 11 నిమిషాలు వసూలు చేసింది! షావుకారు గాలి అన్నమాట. ఎక్కువ అవస్థ పడే చోటే ఎక్కువ సేపు ఉండవలసి రావడం దీనికి కారణం.

దారిలో ఒక ట్యూబులోకి తుమ్మముల్లు దిగింది. అరగంట ఆగారు. ట్యూబు బయటికి తీసి, నీళ్ళు పోసి బుడగలు వచ్చే చోటు పట్టుకుని, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, అది ఆరిన తరువాత ప్యాచి వేశారు. సొల్యూషను తడిగా ఉండగానే అంటిస్తే లోపలి ద్రావకం పోక ప్యాచి ఊడిపోతుంది. గాలి నింపిన టైరు లేని సైకిళ్ళ మీద జనం ఎలా పోయేవారో అనిపిస్తుంది. 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు బెల్‌ఫాస్టులో తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరు తయారు చేశాడు. ముల్లు గుచ్చుకున్న రోజున కూడా ఆయనకు మనం రుణపడే ఉన్నాం.

నూనె అయిపోయిన దీపం

శామీర్‌పేట చెరువు కట్ట. నీళ్ళ మీంచి వచ్చే గాలికి ఒళ్ళు చల్లబడింది. సగం దారి దాటేశారు. కబుర్లు, నవ్వులు. ఒక్క చిన్నవాడే మాట్లాడటం లేదు. పలకరిస్తే చిరాకు పడుతున్నాడు. మళ్ళీ బయలుదేరి రెండు కిలోమీటర్లు పోయేసరికి బాగా వెనుకబడ్డాడు. తిరిగి చూస్తే సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి, నుదుటి మీద చల్లటి చెమట.

"మీరు పోండ్రా. నేను మెల్లగ వస్త" అన్నాడు.

ఇంకా 20 కిలోమీటర్లుంది. అదీ పడమరకు, ఎదురుగాలిలోకి. ఏం చేస్తారు?

ముందు ఏం జరిగిందో తెలుసుకోవాలి. మన కండరాలకు ముఖ్యమైన ఇంధనాలు రెండు. కొవ్వు, పిండి పదార్థం. కొవ్వు ఒంట్లో దండిగా ఉంటుంది, కాని మెల్లగా మండుతుంది. గట్టిగా తొక్కేటప్పుడు కండరాలు గ్లైకోజెన్ అనే పిండి పదార్థం మీద ఎక్కువగా ఆధారపడతాయి. పెద్దవాళ్ళ కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి ఇది అరకిలో దాకా ఉంటుంది. పిల్లల్లో ఇంకా తక్కువ. అందులో కాలేయంలో ఉన్నది రక్తంలోకి చక్కెరగా వెళ్ళి మెదడును పోషించాలి. రాత్రంతా మీరు నిద్రపోతున్నా మెదడు నిద్రపోదు. తెల్లవారేసరికి కాలేయం గాదె చాలా వరకు ఖాళీ అవుతుంది.

మనవాడు పొద్దున ఏం తిన్నాడు? అడగండి. ఇంట్లోవాళ్ళను లేపడం ఎందుకని టీ నీళ్ళు తాగి వచ్చాడు. రాత్రి కూడా సరిగా తినలేదు. ఆపైన వెనుకగాలి మాట నమ్మి 130 వాట్లు ఖర్చు పెట్టాడు. రక్తంలో చక్కెర పడిపోయింది. మెదడుకు తిండి తగ్గితే మొదట వచ్చేది చిరాకు, తరువాత వణుకు, నీరసం. ఇది పిరికితనం కాదు, బద్ధకం కాదు. నూనె అయిపోయిన దీపం ఎంత పొగరుబోతుదయినా వెలగదు.

దీనికి మందు కూడా తేలికే. నీడన కూర్చోబెట్టండి. రెండు అరటిపళ్ళు, ఒక బెల్లం పల్లీపట్టీ, చిటికెడు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు ఇవ్వండి. చక్కెర పేగుల్లోంచి రక్తంలోకి చేరడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా తొందర పెట్టకండి.

ఒక హెచ్చరిక. ఎండాకాలంలో ఇలాగే ఒకడు ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ కావచ్చు. అప్పుడు అరటిపండుతో పని కాదు. నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి, విసురుతూ, వెంటనే 108కి ఫోను చెయ్యాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో ఏమీ పొయ్యకూడదు.

కంచానికీ చక్రానికీ లెక్క

వాడు తేరుకునే లోపల లెక్కలమ్మాయి ఇంకో లెక్క చేసింది. 50 కిలోమీటర్లు గంటకు 20 చొప్పున పోతే రెండున్నర గంటలు. సెకనుకు 85 జౌళ్ళ చొప్పున మొత్తం పని 765 కిలోజౌళ్ళు. మన శరీరం తిన్న శక్తిలో నాలుగో వంతుకు కాస్త తక్కువే పనిగా మార్చగలదు. మిగిలిందంతా వేడి. కాబట్టి దాదాపు 3,200 కిలోజౌళ్ళ తిండి కావాలి. అంటే సుమారు 760 కిలోకేలరీలు. తమాషా చూశారా? చక్రం మీద ఎన్ని కిలోజౌళ్ళో, కంచంలో దాదాపు అన్ని కిలోకేలరీలు! మోస్తరు అరటిపండులో సుమారు 100, ఒక ఇడ్లీలో 50, 60 ఉంటాయి. నాలుగు ఇడ్లీలు తిని, రెండు పళ్ళు జేబులో వేసుకుని వస్తే మనవాడు ఈ చెట్టు కింద కూర్చునేవాడు కాదు.

మరి వేడిగా మారిన ఆ 2,400 కిలోజౌళ్ళ పైచిలుకు ఎక్కడికి పోతుంది? ఒంట్లోనే ఉంటే మనం ఉడికిపోతాం. ఒక గ్రాము చెమట ఆవిరయితే 2.4 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. వేడంతా చెమటతోనే పోవాలంటే ఒక లీటరు నీరు ఆవిరి కావాలి. ఆ లీటరును మీరు గుక్కెడు గుక్కెడుగా మళ్ళీ తాగాలి. దప్పిక అయ్యేదాకా ఆగకండి. ఉప్పు వేసిన మజ్జిగను మించిన పానీయం లేదు.

ఇంత లెక్క చెప్పినంత మాత్రాన సైకిలును ఖర్చుదారీ బండి అనుకునేరు! 1973లో విల్సన్ అనే శాస్త్రవేత్త జంతువులనూ యంత్రాలనూ పోల్చి చూశాడు. ఒక గ్రాము బరువును ఒక కిలోమీటరు చేర్చడానికి సైకిలు మీది మనిషికి అయ్యే శక్తి, నడిచే మనిషికి అయ్యేదానిలో అయిదో వంతే. ఆ పట్టికలో పక్షులనూ గుర్రాలనూ కార్లనూ విమానాలనూ దాటి మొదటి స్థానంలో నిలిచింది సైకిలు తొక్కే మనిషే.

వదిలేస్తే ఎంత మిగులుతుంది?

మనవాడు లేచాడు. ముఖంలో కళ వచ్చింది. కాని మునుపటి బలం లేదు. 65 వాట్లకు మించి తొక్కలేడు. మీరు ముగ్గురూ ఇంకా 85 వాట్లు తొక్కగలరు. "మనం ముందు పోయి ఇంటి దగ్గర చెబుదాం, వాడు మెల్లగా వస్తాడు" అని గేర్లవాడు గొణిగాడు. వాడి మీద కోపం తెచ్చుకోకండి, అలసినప్పుడు ఎవరికైనా ఇలాగే అనిపిస్తుంది. లెక్కలమ్మాయి పెన్సిలు తీసింది.

ఎదురుగాలి గంటకు 10 కిలోమీటర్లు. చిన్నవాడు ఒంటరిగా 65 వాట్లతో తొక్కితే గంటకు 12.7 కిలోమీటర్లు. ఇల్లు చేరడానికి 95 నిమిషాలు. లారీల రోడ్డు మీద, ఒక్కడూ, వణికే కాళ్ళతో.

మీరు ఒంటరిగా 85 వాట్లతో తొక్కితే గంటకు 14.7 కిలోమీటర్లు. 82 నిమిషాలు.

ఇప్పుడు మూడో లెక్క. ముందు పోయే సైకిలు గాలిని చీల్చుకుంటూ పోతుంది. దాని వెనుక కొంత దూరం వరకు గాలి కూడా అదే వైపు ఈడ్చుకు వస్తుంది. ఆ నీడలో దగ్గరగా తొక్కేవాడికి గాలి నిరోధం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఆకాశంలో బాతులు బారులు తీరి ఎగిరేటప్పుడు కూడా వెనుకవి ముందువాటి గాలిని వాడుకుంటాయి. మరి మనవాడు మీ వెనుక చేరితే? 65 వాట్లకే వాడి వడి గంటకు 14.8 కిలోమీటర్లు!

మళ్ళీ చదవండి. మీ వడి 14.7. వాడి వడి 14.8. వాణ్ణి వదిలేసి పోతే మీకు మిగిలేది ఏమీ లేదు. ఒక్క నిమిషం కూడా! వెంట తీసుకుపోతే వాడికి 13 నిమిషాలు కలిసి వస్తాయి, మీకు నయాపైసా ఖర్చు కాదు. ముందు నిలిచినందుకు మీ మీద పడే అదనపు భారం లేదు. ఆ గాలిని మీరు ఎలాగూ చీల్చవలసిందే కదా!

గేర్లవాడు నోటు పుస్తకం తీసుకుని రెండు సార్లు చూశాడు. ఏమీ అనలేదు. వెళ్ళి వరుసలో మొదట నిలబడ్డాడు.

ఇక కదలండి. అయిదేసి నిమిషాలకు ముందువాడు పక్కకు తప్పుకుని వెనక్కి రావాలి. చిన్నవాడి వంతు మాత్రం రాదు, వాడి చోటు ఎప్పుడూ చివరే. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య కనీసం ఒక సైకిలు పొడుగు ఖాళీ ఉండాలి. లాభం కాస్త తగ్గినా పళ్ళు మిగులుతాయి. ముందువాడు బ్రేకు వేసే ముందు, గుంత చూపే ముందు కేక వెయ్యాలి. ఈ గాలినీడ కోసం లారీ వెనుకో బస్సు వెనుకో మాత్రం ఎన్నడూ చేరకండి. దాని బ్రేకులు పడ్డాయని మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

హకీంపేట వచ్చింది. ఇక్కడ వైమానిక దళం స్థావరం ఉంది. విమానాలకు మీకులాగా ఎదురుగాలి అంటే కోపం లేదు. అవి ఎదురుగాలిలోకే ఎగురుతాయి, ఎదురుగాలిలోకే దిగుతాయి. రెక్కల మీద గాలి ఎంత వడిగా పోతే అంత లేపుడు బలం వస్తుంది కాబట్టి. మనల్ని వెనక్కి నెట్టే గాలే వాటిని పైకి లేపుతోంది! గాలి మంచిదా చెడ్డదా అన్నది దాన్ని అడిగేవాణ్ణి బట్టి ఉంటుంది.

ముందు పోయినవాళ్ళు

1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు యువకులు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారు. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు చివరి దాకా నిలిచి, సుమారు 71,000 కిలోమీటర్లు తొక్కి, 1928 మార్చిలో తిరిగి వచ్చారు. అప్పట్లో మంచి రోడ్లు లేవు, గేర్లు లేవు, మీ చేతిలోని ఫోన్లు లేవు.

1897లో ఇటలీలో పన్నెండుమంది సైకిలు మీద రోము నుంచి నేపుల్సుకు, 230 కిలోమీటర్లు, పగటి వెలుగులోనే పోదామని పూనుకున్నారు. లాటిన్ భాషలో సాహసవంతుడిని 'ఆడాక్స్' అంటారు. వాళ్ళకు ఆ పేరే వచ్చింది. 1904లో పారిస్‌లో ఆ పేరుతో క్లబ్బు పుట్టింది. ఈ రోజు మన హైదరాబాదుతో సహా ప్రపంచమంతటా ఆడాక్స్ సవారీలు జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. పారిస్ నుంచి బ్రెస్టుకు వెళ్ళి తిరిగి వచ్చే 1,200 కిలోమీటర్లకు గరిష్ఠ గడువు 90 గంటలు. ఇందులో విశేషం ఏమిటంటే మొదటి బహుమతి లేదు! గడువులో వచ్చిన వాళ్ళందరూ సమానమే. పంక్చరు ఎవరిది వాళ్ళే వేసుకోవాలి, తిండీ నీళ్ళూ ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. కాని తోటివాడికి సాయపడటానికి మాత్రం ఏ అడ్డూ లేదు. చాలామంది ఒకరి గాలినీడలో ఒకరు, వంతుల వారీగానే ఆ దూరాలు దాటుతారు. మీరు ఇవాళ చేసిందీ అదే.

బొల్లారం దాటింది. కొంపల్లి వచ్చింది. అదుగో దూలపల్లి చెట్లు. చివరి మలుపులో గేర్లవాడు వెనక్కి తిరిగి, "ఇగ నువ్వు ముంగటికి రారా" అన్నాడు. అడవి చెట్లు గాలిని అడ్డుకుంటున్నాయి, ఇక్కడ ఎవరు ముందు పోయినా ఒకటే. నల్ల సైకిలు గంట కొట్టుకుంటూ ముందుకు వచ్చింది. ఊళ్ళోకి నలుగురూ ఒకేసారి వచ్చారు.

మీరే చేసి చూడండి

1. మీ సైకిలు ముందు పళ్ళచక్రానికీ వెనుక ఫ్రీవీలుకూ ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. మొదటి సంఖ్యను రెండో దానితో భాగించి, వెనుక చక్రం చుట్టుకొలతతో గుణించండి. పెడలు ఒక చుట్టుకు సైకిలు ఎంత దూరం పోవాలో వస్తుంది. తరువాత నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి కొలిచి సరిచూడండి.

2. వాహనాలు తిరగని చదును చోట ఒక గుర్తు దగ్గర ఒకే వడితో వచ్చి తొక్కడం ఆపెయ్యండి. ఎంత దూరం పోయి ఆగారో కొలవండి. టైర్లలో కొంచెం గాలి తీసి మళ్ళీ చెయ్యండి. రబ్బరు మింగిన శక్తి మీ కంటికే కనబడుతుంది.

3. గాలి వీచే రోజున ఒకే దారిలో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎంతసేపు పట్టిందో రాసుకోండి. గాలి లేని రోజు మళ్ళీ రాసుకోండి. గాలి అప్పెంత ఇచ్చింది, వడ్డీతో ఎంత వసూలు చేసింది? మీ స్నేహితులతో కలిసి లెక్క తేల్చండి. ఇడ్లీలు తిన్న తరువాతే సుమా!